పిల్లలకు కాలం అర్థం కావాలంటే: 3–5 ఏళ్ల వయసులో ఏది ముందు, ఏది తర్వాత నేర్పాలి

చిన్నపిల్లలకు టైము నేర్పాలనుకోగానే చాలామంది ముందుగా బొమ్మ గడియారం కొంటారు. నాలుగేళ్ల పిల్ల దాని మీది అంకెలు చదవగలదేమో. కానీ ఏడు గంటలంటే రోజులో ఏ వేళో, అరగంటంటే ఎంతసేపో తెలియకుండా ముళ్లు చదివినందువల్ల ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు.

కాలం తాలూకు గ్రహింపు పిల్లలకు మెట్టుమెట్టుగా వస్తుంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది మొదటి మెట్టు. ఎంతసేపు అన్నది రెండోది. జరిగిపోయిన రోజు, రాబోయే రోజు అన్న తేడా దాంతోపాటే మెల్లగా కుదురుకుంటుంది. గడియారం అన్నిటికన్నా చివర. ఈ వరుస తప్పకుండా ఒక్కో మెట్టుకూ కొన్ని వారాలు ఇవ్వండి. తొందరేమీ లేదు.

## 1. మొదటి వారం: ఇంట్లో పెద్దల మాటలు సరిచేసుకోవాలి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. సామాన్లేవీ అక్కర్లేదు, అయినా చాలా ఇళ్లలో జరగనిది కూడా ఇదే.

"ఒక్క నిమిషం", "ఇప్పుడే వస్తా", "రెండు నిమిషాల్లో అయిపోతుంది" అని రోజంతా అంటూనే ఉంటాం. ఒకసారి ఆ నిమిషం పది సెకన్లు, ఇంకోసారి అరగంట. పిల్లలు మాటల అర్థం వాడకం చూసే పట్టుకుంటారు కాబట్టి, వాళ్లకు నిమిషమంటే "అమ్మకు ఇప్పుడు కుదరదు" అన్న అర్థమే స్థిరపడుతుంది. ఆ తర్వాత ఎంత మంచి టైమర్ తెచ్చినా ఉపయోగం తక్కువ.

కొలత పేరు వాడితే అది నిజం కావాలి. నిజం చేయలేకపోతే గడియారం మాట వదిలేసి, జరిగే పనిని చెప్పండి:

- "ఒక్క నిమిషం" బదులు: "ఈ గిన్నెలు కడిగేసి వస్తా."
- "తర్వాత చూద్దాం" బదులు: "నువ్వు నిద్రలేచాక వెళ్దాం."
- "ఇంకాసేపట్లో వెళ్దాం" బదులు: "ఇంకో మూడుసార్లు జారుడుబల్ల ఎక్కి దిగు, ఆ తర్వాత వెళ్దాం."
- కుదరదని తెలిసినప్పుడు "రేపు" అనకండి. "ఇది కుదరదు" అనే చెప్పండి. నెరవేరని "రేపు"లు పోగుపడితే, పిల్లలకు ఆ మాట "లేదు" అన్నట్టే వినిపిస్తుంది.

తాతయ్య, అమ్మమ్మ, పిల్లల్ని చూసుకునే ఆయా, అందరూ ఇలాగే మాట్లాడాలి. ఒక్కరు పాటించి మిగతావాళ్లు పాత పద్ధతిలోనే ఉంటే పిల్లలు అయోమయంలో పడతారు.

## 2. సమకూర్చుకోవాల్సినవి

- పిల్లల రోజువారీ పనుల ఫొటోలు 5 నుంచి 8 (ప్రింట్లు, సుమారు 8×8 సెం.మీ.)
- గట్టి అట్ట, జిగురు, వెడల్పు టేపు, స్కెచ్ పెన్నులు
- బట్టలకు పెట్టే క్లిప్పు ఒకటి
- మూతలున్న, ఒకేలాంటి పారదర్శక ప్లాస్టిక్ సీసాలు రెండు (200–250 మి.లీ.)
- సన్నని పొడి ఇసుక ఒక గ్లాసు
- రంగు కాగితాలు, స్టేప్లర్
- సామాన్యమైన గోడ గడియారం ఒకటి (ఇది తొమ్మిదో అడుగులోనే కావాలి, ఇప్పుడే కనిపించేలా పెట్టకండి)

## 3. రోజు పట్టీ: ఏది ముందు, ఏది తర్వాత

తయారీ. లేవడం, పళ్లు తోముకోవడం, తినడం, ఆడుకోవడం, స్నానం, పడుకోవడం లాంటి పనులు పిల్లలు చేస్తుండగా ఫొటోలు తీయండి. ఒక ఫొటోలో ఒకే పని కనిపించాలి. ఇంటర్‌నెట్‌లో దొరికే బొమ్మలకన్నా పిల్లల సొంత ఫొటోలు చాలా నయం. ఫొటోలో తానే ఉంటే "ఇది నా రోజు" అని వెంటనే తెలుస్తుంది.

మూడేళ్లవాళ్లకు 5 కార్డులు చాలు. ఐదేళ్లకు 8 దాకా పెంచవచ్చు. వాటిని ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో, నేల నుంచి 80–100 సెం.మీ. ఎత్తులో అంటించండి. అంటే పిల్లల కళ్లకు ఎదురుగా.

వాడకం.

1. పొద్దున లేవగానే పట్టీ దగ్గర నిలబడి, వేలు పెట్టి చూపిస్తూ రోజంతా ఒకసారి చెప్పండి. అర నిమిషం మించకూడదు.
2. ఒక పని అయ్యాక క్లిప్పును తర్వాతి కార్డు మీదికి పిల్లలతోనే జరిపించండి.
3. జరిపేటప్పుడు రెండే ప్రశ్నలు: "ఏది అయింది? ఇప్పుడు ఏది?"
4. వారం గడిచాక మూడో ప్రశ్న చేర్చండి: "స్నానం ముందు ఏం చేశావు?"
5. రాత్రి పడుకునే ముందు పట్టీని మొదటి నుంచి చూపిస్తూ రోజంతా పిల్లలే చెప్పేలా చేయండి.

అయిపోయిన పని కార్డును తీసేయమనే సలహా తరచుగా వినిపిస్తుంది. అలా చేయకపోవడమే మంచిది. కార్డు తీసేస్తే గడిచిన సమయం కళ్లముందు లేకుండా పోతుంది. మిగిలింది, గడిచింది రెండూ కనిపిస్తేనే రోజు మొత్తంగా అర్థమవుతుంది.

ఎక్కడ చెడుతుంది. కార్డుల పక్కన గంటలు రాయడం మొదటి తప్పు. ఎనిమిదింటికి స్నానం అని రాశాక అది ఎనిమిదిన్నరకు జరిగితే పట్టీ తప్పు చెప్పినట్టవుతుంది. వరుస నిలబడితే చాలు. రెండో తప్పు, రోజు మారినా పట్టీ మారకపోవడం. ఆ రోజు బయటికి వెళ్లేదుంటే పొద్దునే ఒక కార్డు తీసి, ఖాళీ కార్డు మీద ఆ బొమ్మ గీసి పెట్టండి. ముందుగా చూస్తే పిల్లలు మార్పును సులభంగా ఒప్పుకుంటారు.

## 4. "ముందు", "తర్వాత": చెప్పే తీరు చూసుకోండి

చిన్నపిల్లలు వాక్యంలో మొదట వినబడిన పనే మొదట జరుగుతుందని అనుకుంటారు. "తినే ముందు చేతులు కడుక్కో" అన్నప్పుడు తినడం ముందు వినిపిస్తుంది, ముందు చేయాల్సింది మాత్రం రెండోగా వినిపించే పని. మూడేళ్ల పిల్ల నేరుగా కంచం దగ్గరికి వెళ్తే మొండితనం అనుకోకండి. విన్న వరుసనే పాటించింది.

కాబట్టి ఈ క్రమంలో వెళ్లండి:

1. మొదట, జరిగే వరుసలోనే చెప్పే వాక్యాలు: "చేతులు కడుక్కుని తిందాం."
2. తర్వాత "తర్వాత": "తిన్న తర్వాత ఆడుకుందాం."
3. ఇవి తడుముకోకుండా వచ్చాకే "ముందు": "పడుకునే ముందు పళ్లు తోముకోవాలి."

ఆట కావాలంటే మూడు ఫొటోలు కలిపేసి వరుసగా పేర్చమనండి. చెప్పు తొడుక్కున్నాక సాక్సు వేసుకుంటే ఎలా ఉంటుందో చేసి చూపించండి. తలకిందులైన వరుసను పట్టుకోవడం పిల్లలకు భలే ఇష్టం.

## 5. ఎంతసేపు: ఇసుక సీసాతో

నాలుగైదేళ్ల పిల్లల్లో చాలామందికి నిమిషం కంటే గంట పెద్దదని తెలుస్తుంది. ఎన్ని రెట్లు పెద్దదో మాత్రం బడిలో చెప్పేదాకా తెలియదు. ఈ వయసులో కావలసింది ఆ లెక్క కాదు, నిడివిని కళ్లతో చూడటం. ఫోన్‌లో తగ్గుతున్న అంకెల వల్ల అది కుదరదు. కిందికి జారే ఇసుకలో గడిచినదెంతో, మిగిలినదెంతో ఒకేసారి కనిపిస్తాయి.

తయారీ (పెద్దలే చేయాలి).

1. ఇసుకను టీ వడపోసే జల్లెడలో రెండుసార్లు జల్లించి, పెనం మీద పది నిమిషాలు వేడిచేసి, పూర్తిగా చల్లార్చండి.
2. రెండు మూతలను వీపులు కలిపి గట్టి జిగురుతో అతికించి, రాత్రంతా ఆరనివ్వండి.
3. రెండింటికీ కలిపి నడిమధ్యన సుమారు 3 మి.మీ. రంధ్రం చేయండి. అంచుల్లో ప్లాస్టిక్ పొరలు మిగిలితే గీకి తీసేయండి. ఇసుక ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.
4. ఒక సీసాలో 100 మి.లీ. ఇసుక పోసి, రెండో సీసా బిగించి, తిప్పి, ఎంతసేపు పడుతుందో ఫోన్‌లో చూడండి.
5. నీళ్లకు భిన్నంగా ఇసుక, పైన ఎంత ఉన్నా దాదాపు ఒకే వేగంతో జారుతుంది. అందుకే లెక్క తేలిక. 100 మి.లీ.కి రెండున్నర నిమిషాలు పడితే నిమిషానికి 40 మి.లీ., మూడు నిమిషాలకు 120 మి.లీ.
6. మూడు నిమిషాలకు సరిపడా ఇసుక పోసి, మళ్లీ కొలిచి, మూతల చుట్టూ వెడల్పు టేపు గట్టిగా చుట్టండి. సీసా మీద మూడు చుక్కలు పెట్టండి.

ఇసుక బదులు ఉప్పు వాడకండి. గాలిలోని తేమ పీల్చి గడ్డకడుతుంది. మధ్యలో ఇసుక ఆగుతుంటే తేమ ఉందన్నమాట, లేదా పెద్ద రేణువు ఇరుక్కుంది. విప్పి మళ్లీ జల్లించి ఆరబెట్టండి. సీసా విప్పితే ఇసుక కళ్లలో పడుతుంది, కాబట్టి పిల్లలు దాంతో ఆడేటప్పుడు పెద్దలు పక్కనే ఉండాలి. గాజు టైమర్లు ఈ వయసుకు వద్దు.

వాడకం. మొదటి వారం సరదా పనులకే వాడండి. ఇసుక అయ్యేలోపు ఎన్ని దిమ్మెలు పేరుస్తావు? ఎన్ని గెంతులు వేస్తావు? కదలకుండా కూర్చుంటే ఇసుక అయిపోతుందా? ఈ చివరిది తప్పకుండా చేయించండి. పని చేస్తుంటే ఇట్టే గడిచిన మూడు నిమిషాలు, ఊరికే కూర్చుంటే ఎంతకీ గడవవు. ఇసుక మాత్రం రెండుసార్లూ ఒకేలా జారింది. మనకు ఎలా అనిపించినా గడిచిన సేపు ఒకటేనని పిల్లలకు చూపించే మార్గం ఇదే.

రెండో వారం నుంచి ఎదురుచూడటానికి వాడవచ్చు. మూడేళ్లకు 1–2 నిమిషాలు, నాలుగేళ్లకు 3–5, ఐదేళ్లకు 5–10 నిమిషాలు సరిపోతాయి. ఇసుక అయిపోగానే మీరు చెప్పిన పని జరగాలి. మీరే లేవకపోతే సీసాకు విలువ పోతుంది.

శిక్షకు ఈ సీసాను ఎప్పుడూ వాడకండి. "ఇది అయ్యేదాకా మూల కూర్చో" అని ఒక్కసారి అన్నా, ఆ తర్వాత సీసా చూడగానే పిల్లలు ముఖం చిట్లిస్తారు.

## 6. నిన్న, ఇవాళ, రేపు

మూడు, నాలుగేళ్ల పిల్లలకు జరిగిపోయినదంతా "నిన్న", జరగబోయేదంతా "రేపు". ఆరు నెలల కిందటి ప్రయాణమూ నిన్నే. "రేపు వెళ్లాం కదా" అని రెంటినీ కలిపేయడమూ మామూలే. కంగారు పడాల్సిందేమీ లేదు.

తప్పని చెప్పకుండా, సరైన మాటతో వాక్యాన్ని తిరిగి అందించండి: "అవును, నిన్న వెళ్లాం. బాగా ఆడుకున్నాం." అంతటితో ఆపండి. మళ్లీ అనమని ఒత్తిడి చేస్తే పిల్లలు ఆ మాట వాడటమే మానేస్తారు.

జరిగే పట్టీ. నెల క్యాలెండరు ఇక్కడ పనికిరాదు. వారం చివర కుడి అంచున ఆగి, మళ్లీ కింది వరుసలో ఎడమ నుంచి మొదలవడం పిల్లలకు అంతుపట్టదు. గోడకు అంటించిన వారం పట్టీలోనూ ఒక లోపం ఉంది. చివరి రోజు వచ్చేసరికి "రేపు" అన్న గడే ఉండదు.

దాని బదులు అట్ట మీద మూడు జేబులు అంటించండి: నిన్న, ఇవాళ, రేపు. పేర్లు కదలవు, "ఇవాళ" ఎప్పుడూ మధ్యలోనే. కదిలేవి లోపలి కార్డులు.

- సాయంత్రం: ఇవాళ జరిగిన ఒక సంగతిని పిల్లలు కార్డు మీద గీయాలి. గీతలు ఎలా ఉన్నా పర్వాలేదు.
- అదే కూర్చోవడంలో: రేపు జరిగే ఒక సంగతి గీసి "రేపు" జేబులో పెట్టాలి.
- పొద్దున: అన్ని కార్డులూ ఒక్కో జేబు ఎడమకు జరగాలి. నిన్నటిది ఒక డబ్బాలోకి వెళ్తుంది.

"రేపు" జేబులో పెట్టిన కార్డు పొద్దునకల్లా ఇవాళగా మారుతుంది, ఆ మర్నాటికి నిన్నగా. నోటితో ఎంత వివరించినా చేతకానిది ఈ ఒక్క జరుపుడుతో తెలిసిపోతుంది. నాలుగున్నర, ఐదేళ్లప్పుడు రెండు పక్కలా మొన్న, ఎల్లుండి జేబులు చేర్చండి.

కార్డులు పొద్దున లేచాకే జరపాలి. మధ్యాహ్నం నిద్రపోయే పిల్లలైతే, లేవగానే "రేపు వచ్చేసిందా?" అని అడగవచ్చు. "రాత్రి రాలేదుగా, చీకటి పడి తెల్లారాక రేపు వస్తుంది" అని కిటికీలోంచి చూపించండి.

వారాల పేర్లు పాటలా వరుసగా అప్పజెప్పడం తేలికే. అది వచ్చినంత మాత్రాన రోజులు అర్థమయ్యాయని కాదు. ఒక్కో వారానికి ఒక పనిని ముడిపెట్టండి. శనివారమంటే మొక్కలకు నీళ్లుపోసే రోజు, ఆదివారమంటే పార్కుకు వెళ్లే రోజు, ఇలా రెండు మూడు ఆనవాళ్లు చాలు.

## 7. "ఇంకా ఎన్ని రోజులు?": కాగితం గొలుసు

పుట్టినరోజు కోసమో, ఊరెళ్లిన నాన్న రాక కోసమో ఎదురుచూసే పిల్లలకు ఇది.

2 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవున్న కాగితం ముక్కలను ఒకదాంట్లోంచి ఒకటి దూర్చి స్టేప్లర్‌తో గొలుసు చేయండి. మధ్యలో ఎన్ని రాత్రులున్నాయో అన్నే వలయాలు. రోజులు లెక్కపెడితే ఇవాళ్టిని కలపాలా వద్దా అన్న తికమక వస్తుంది, రాత్రులైతే రాదు. తెల్లారాక ఒకటి కత్తిరించాలి. చివరి వలయం తెగిన రోజే ఆ రోజు.

పది వలయాలు మించకండి. నెల ముందే మొదలుపెడితే అది ఎప్పటికీ తరగదనిపించి పిల్లలు ఆసక్తి వదిలేస్తారు. కార్యక్రమం వాయిదా పడితే, పిల్లల ముందే వలయాలు చేర్చి కారణం చెప్పండి. రాత్రికి రాత్రి చాటుగా తగిలిస్తే గొలుసును ఇక నమ్మరు. స్టేప్లర్ పిన్నులు నేల మీద పడకుండా చూసుకోండి.

## 8. వయసు, ఎదుగుదల

పొడుగ్గా ఉన్నవాళ్లే పెద్దవాళ్లని ఈ వయసు పిల్లలు నమ్ముతారు. పొట్టిగా ఉన్న పెద్దమ్మ కంటే పొడుగాటి బాబాయే పెద్ద అంటారు. వాదించకండి. పుట్టినప్పటి నుంచి ఏడాదికొకటి చొప్పున పిల్లల ఫొటోలు వరుసగా పేర్చండి. కింద అమ్మ చిన్నప్పటి ఫొటోలు పెట్టండి. నెలకోసారి చూపిస్తే చాలు.

## 9. చివరగా గడియారం: ముందు ఒక్క ముల్లే

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

- 1 నుంచి 12 దాకా అంకెలు ఏ వరుసలో చూపినా గుర్తుపడుతున్నారా?
- రోజు పట్టీ చూడకుండా తన రోజును వరుసలో చెబుతున్నారా?
- "నిన్న", "రేపు" ఎక్కువసార్లు సరిగ్గా వాడుతున్నారా?

మూడింటికీ అవుననే జవాబైతే మొదలుపెట్టవచ్చు. సాధారణంగా ఇది ఐదేళ్ల తర్వాతే. కాకపోతే ఇంకో ఆరు నెలలు ఆగినా నష్టం లేదు.

గోడ గడియారం అద్దం తీసి, అన్నిటికన్నా పైనున్న సెకన్ల ముల్లును, దాని కింది నిమిషాల ముల్లును నిటారుగా పైకి లాగి తీసేయండి. కొన్నిటిలో నిమిషాల ముల్లుకు చిన్న నట్టు ఉంటుంది, ముందు అది విప్పాలి. గంటల ముల్లును మార్కర్‌తో ఎర్రగా రంగు వేయండి. కాగితం అతికిస్తే బరువుకు ముల్లు తడబడవచ్చు. అద్దం మళ్లీ బిగించండి. తీసిన ముళ్లు పిల్లలకు అందకూడదు.

ఒక్క ముల్లుతో కూడా గడియారం సమయం చెబుతుంది. 3 మీద ఉంటే మూడు, 3కూ 4కూ నట్టనడుమ ఉంటే మూడున్నర. 4కు దగ్గరైతే "నాలుగు కావస్తోంది". ఈ వయసుకు ఇంతకన్నా అక్కర్లేదు.

అంకెల చుట్టూ బయటివైపు పగటి పనుల చిన్న ఫొటోలు, లోపలివైపు రాత్రి పనులవి అంటించండి. పొద్దున ఎనిమిది, రాత్రి ఎనిమిది ఒకే చోట రావడంతో కలిగే గందరగోళం దీంతో తగ్గుతుంది. లోపలి ఫొటోలు ముల్లుకు తగలనంత పల్చగా ఉండాలి.

బొమ్మ గడియారాల్లో ఎక్కువ వాటికి రెండు ముళ్లూ విడివిడిగా తిరుగుతాయి. నిమిషాల ముల్లును 6 మీదికి తిప్పినా గంటల ముల్లు 3 మీదే ఉండిపోతుంది. దాన్ని చూసి మూడున్నర నేర్చుకున్న పిల్లలకు అసలు గడియారం చూసేసరికి అయోమయం. నిమిషాల ముల్లు పరిచయం చేసే రోజు వస్తే, వెనక మర తిప్పితే రెండూ కలిసి కదిలే అసలు గడియారమే వాడండి.

## 10. తరచుగా ఎదురయ్యేవి, చేయాల్సినవి

ఆట ఆపమంటే ఏడుపు. "ఐదు నిమిషాలు" అని హెచ్చరించడం ఒక్కటే చాలదు. ఆ ఐదు నిమిషాలు కనిపించాలి, తర్వాత ఏముందో తెలియాలి. ఇసుక సీసా తిప్పి, పట్టీలో తర్వాతి కార్డు చూపించండి. వీడియో చూస్తుంటే మధ్యలో ఆపకుండా అది ముగిసే చోటే ఆపండి.

పిల్లలే సీసా మళ్లీ తిప్పేస్తున్నారు. నిడివి అర్థమైందనడానికి ఇది గుర్తు. ఒకసారి నవ్వి ఊరుకోండి, రెండోసారి నుంచి సీసాను అందని ఎత్తులో కనిపించేలా పెట్టండి.

రోజు పట్టీ మీద పదిరోజులకే విసుగు. క్లిప్పును మీరే జరుపుతున్నారేమో చూసుకోండి. పిల్లల చేతికి ఇచ్చి, ఒక కార్డు కావాలని తప్పు చోట పెట్టి వాళ్లతో దిద్దించండి.

ఐదేళ్లకూ "నిన్న", "రేపు" తికమక. అప్పుడప్పుడూ అయితే ఫరవాలేదు. దాంతోపాటు "బొమ్మ తెచ్చి బుట్టలో వెయ్యి" లాంటి రెండు పనుల మాట కూడా అందుకోలేకపోతున్నా, మాట స్పష్టంగా లేకపోయినా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

ఇద్దరు పిల్లలు, ఒకే పట్టీ. వద్దు. ఎవరి ఫొటోలతో వాళ్లకు వేరే పట్టీ ఉండాలి. ఇసుక సీసా మాత్రం ఇద్దరికీ ఒకటి చాలు. వంతులు వేసుకోవడానికి అదే పనికొస్తుంది: ఇసుక ఒకసారి జారేదాకా నీ వంతు, మళ్లీ జారేదాకా తమ్ముడి వంతు.